ఎముక చెప్పిన వాన

గుండె ఆపరేషనైన రెండు నెలలకి నేను మా వీధికి వాతావరణ కేంద్రమైపోయాను. మేముండేది మల్కాపురంలో. మే నెలలో డాబాల మీద వడియాలు పెట్టుకునే ముందు ఆడవాళ్ళు ఆకాశం వైపు చూడటం మానేసి మా గుమ్మం వైపు చూడటం మొదలుపెట్టారు. "అన్నయ్యా, ఇయ్యాల ఏటంటంది?" అని పక్కింటావిడ గోడ మీంచి అడిగేది. అడుగుతున్నది నా ఆరోగ్యం గురించి అనుకుంటే పొరపాటు. నా రొమ్ము ఎముక గురించి.

గుండె దాకా వెళ్ళాలంటే డాక్టర్లు ముందు ఆ ఎముకని నిలువునా రెండు చెక్కలుగా కోయాలి. పని పూర్తయ్యాక రెండు చెక్కల్నీ దగ్గరికి చేర్చి స్టీలు తీగలతో బిగిస్తారు. తీగలు జీవితాంతం లోపలే ఉంటాయి. ఎముక మాత్రం దానంతటది అతుక్కోవాలి. ఇదంతా డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. అర్థమైనట్టు తలూపాను. ఆ బొమ్మలో ఉన్నది నా ఛాతీ అన్న సంగతి మాత్రం తలకెక్కలేదు.

ఇంటికొచ్చాక ఎక్కింది. తుమ్ము వస్తోందంటే ప్రాణం పోతున్నట్టుండేది. మా ఆవిడ నా పాత ఖాకీ ప్యాంటు కోసి, దూది కూరి, చిన్న తలగడ కుట్టింది. దగ్గొచ్చినప్పుడు దాన్ని ఛాతీకి గట్టిగా హత్తుకోవాలి. మంచం మీంచి లేవాలంటే ముందు పక్కకి ఒత్తిగిలి, కాళ్ళు కిందకి వేలాడేసి, చేతుల మీద బరువు పడకుండా లేవాలి. ఒంటి మీద చొక్కా ఆవిడే తొడిగేది. ఓడల మీద ముప్ఫై ఏళ్ళు పనిచేసిన వాణ్ణి, చొక్కా తొడిగించుకోడానికి చేతులు చాపి నిలబడటం నాకు నామోషీగా ఉండేది. ఆవిడ మీద విసుక్కునేవాణ్ణి. ఆవిడ పట్టించుకునేది కాదు.

మొదటిసారి ఎముక వానని చెప్పింది ఒక మధ్యాహ్నం పూట. ఎండ మండిపోతోంది. ఛాతీ మధ్యలో, కుట్టు కింద, లోపలెక్కడో ఒక సలుపు మొదలైంది. మంట కాదు, పోటు కాదు. తడిగుడ్డని మెలిపెట్టి పిండుతున్నట్టు నెమ్మదిగా బిగుసుకునే నొప్పి. నాకు భయం వేసింది. గుండె మళ్ళీ మొదలుపెట్టిందేమో అనుకుని గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. గంట తిరక్కుండా యారాడ కొండ మీదకి మబ్బు ఎక్కింది, ఈదురుగాలి లేచింది, వీధిలో దుమ్మంతా మా ఇంట్లోకే వచ్చింది. వాన మొదలయ్యేసరికి నొప్పి సగానికి సగం తగ్గింది.

తర్వాతి వారం చూపించుకోడానికి వెళ్ళినప్పుడు డాక్టరుగారికి చెప్పాను. ఆయన నవ్వారు. "చాలామందికి ఉంటుందండి. చలికీ చెమ్మకీ ఆ ఎముక సలుపుతుంది. కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది పైన కూడా ఉండొచ్చు. దానికి కంగారు పడక్కర్లేదు," అన్నారు. ఆ తర్వాత నవ్వు ఆపేసి ఇంకో మాట చెప్పారు. "మీకు షుగరుంది. ఎముక ఆలస్యంగా అతుకుతుంది. నేను సరే అనేదాకా చేతులు భుజాల కన్నా పైకి ఎత్తకండి. ఛాతీలో టక్కుమన్నా, ఎముక లోపల కదిలినట్టున్నా అదే రోజు వచ్చెయ్యాలి. మర్నాటికి ఆగొద్దు."

మొదటి మాట నేను చెవిలో వేసుకున్నాను. రెండోది మా ఆవిడ వేసుకుంది.

నా ఉద్యోగం గురించి చెప్పకపోతే ఇందులో ఏదీ అర్థం కాదు. నేను రేవులో సిగ్నల్‌మాన్‌ని. ఓడ కడుపులో సరుకుండే చోటుని హోల్డు అంటాం. దాని పైనుండే నోరు హేచ్. క్రేన్ నడిపే మనిషి ఎక్కడో ఎత్తున అద్దాల గదిలో కూర్చుంటాడు. హోల్డు అడుగు అతనికి కనపడదు. అక్కడ మనుషులు పారలు పట్టుకుని మూలల్లో మిగిలిన సరుకుని మధ్యకి లాగుతుంటారు. వాళ్ళ మధ్యలోకి క్రేన్ తన ఇనప దోసిలిని దింపాలి. హేచ్ అంచున నిలబడి, కిందున్న మనుషుల్ని చూస్తూ, పైనున్న మనిషికి చేతులతో చెప్పేది నేను. వేలు పైకెత్తి తిప్పితే లేపమని. అరచెయ్యి కిందకి ఊపితే దించమని. పిడికిలి బిగిస్తే ఆపమని. రెండు చేతులూ నెత్తి మీదకి ఎత్తి అడ్డంగా పెడితే, ఏం జరుగుతున్నా సరే, ఉన్నది ఉన్నట్టు నిలిపెయ్యమని. వాకీటాకీలు వచ్చి చాలా కాలమైంది. అయినా ఆ హోరులో మాట సగమే వినపడుతుంది, చెయ్యి మొత్తం కనపడుతుంది.

మా క్రేన్ ఆపరేటరూ నేనూ ఇంచుమించు ఒకేసారి పనిలో చేరాం. చుట్టరికం ఏమీ లేదు, అయినా బావా అంటే బావా అనుకుంటాం. అతను మితభాషి. షిఫ్టులో ఒకసారి పైకెక్కాడంటే అది అయ్యేదాకా కిందకి దిగడు, టీ కూడా తాడుతో పైకి లాక్కుంటాడు. మేం నోటితో చెప్పుకున్న మాటల కన్నా చేతులతో చెప్పుకున్నవే ఎక్కువ.

జూన్ ఆఖర్న నన్ను పనిలోకి తీసుకున్నారు. తేలిక పని మాత్రమే అన్నారు. ఓడలు ఆగే గట్టుని వార్ఫు అంటాం. దాని మీద షెడ్డు కింద ఒక కుర్చీ వేసి, వచ్చే లారీల్ని వరసలో నిలబెట్టమన్నారు. నాకు కడుపు మండిపోయింది. నా హేచ్ అంచున వేరే అతను నిలబడి చేతులూపుతున్నాడు. అతని పని బాగోలేదని కాదు, బాగానే చేస్తున్నాడు. అదే నాకు ఇంకా బాధగా ఉండేది. ఆ కుర్చీలోంచి నేను మళ్ళీ లేవలేనేమో, రిటైరయ్యేదాకా లారీ డ్రైవర్లతో వాదిస్తూనే గడపాలేమో అని దిగులు పట్టుకుంది. చావుకి భయపడ్డంత కాకపోయినా దాదాపు అంతే భయపడ్డాను.

ఆ సమయంలో నా ఎముక నన్ను ఆదుకుంది, లేదా ఆదుకుందని నేననుకున్నాను.

అప్పుడు వచ్చినవన్నీ యూరియా ఓడలు. యూరియాకి తడి తగిలిందా, అంతే సంగతులు. వాన పడేలా ఉంటే ముందే హేచ్‌లు మూయించాలి. మూశాక మళ్ళీ తెరిచేదాకా పని మొత్తం ఆగిపోతుంది. కాబట్టి మా గ్యాంగు మేస్త్రీ ఎప్పుడూ ఒక కన్ను ఆకాశం మీద వేసి ఉంచేవాడు. ఆయనది గోదావరి జిల్లా, మాటకి ముందూ వెనకా అండీ ఉండాల్సిందే. ఒక రోజు షెడ్డు కింద నేను ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "మేస్త్రీగారూ, గంటలో వానొచ్చేత్తాది," అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ముప్పావుగంటకి పడింది. రెండోసారి చెప్పినప్పుడు నవ్వలేదు, హేచ్‌లు మూయించాడు. మూసీ మూయగానే పడింది.

ఇక చూడండి నా వైభోగం. పొద్దున్నే వస్తూ వస్తూ, "ఏమండీ, ఎముక ఏమంటోందండీ?" అని ఆయన, "బావ, ఇయ్యాల మబ్బేనేటి?" అని గ్యాంగు. షెడ్డు కింద కూర్చుంటే కొండ వైపు గాలి తగలడం లేదని ఒక అబద్ధం చెప్పాను. మేస్త్రీ నన్ను ఓడ డెక్కు మీదకి రానిచ్చాడు, హేచ్‌కి నాలుగడుగుల దూరంలో కూర్చుని వాన సంగతి చూడమన్నాడు. నాకు కావలసింది కూడా అదే. వారం తిరక్కుండా నా బదులు పనిచేస్తున్నతను జ్వరమొచ్చి రాలేదు. మేస్త్రీ ఇటూ అటూ చూస్తుంటే నేను లేచి హేచ్ అంచుకి వెళ్ళి నిలబడ్డాను.

"డాక్టరుగారు ఒప్పుకున్నారాండీ?" అన్నాడు మేస్త్రీ.

"ఆఁ, ఒప్పేసుకున్నారు," అన్నాను.

చెయ్యి ఎత్తి వేలు తిప్పాను. అంత ఎత్తు క్రేన్ నా వేలి మాట విని లేచింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోనక్కర్లేదు. నేను బతికి బయటపడ్డానని ఆస్పత్రిలో కళ్ళు తెరిచినప్పుడు అనిపించలేదు, అప్పుడనిపించింది. జ్వరం తగ్గి అతను తిరిగొచ్చాక అతన్ని పక్క హేచ్‌కి పంపించారు. నా చోటు నాకు వచ్చేసింది. ఇంట్లో మాత్రం షెడ్డు కిందే కూర్చుంటున్నానని చెప్పేవాణ్ణి.

ఆగస్టులో ఒక పొద్దున, ఎడం చెయ్యి పైకెత్తుతుండగా ఛాతీలో టక్కుమంది.

చిన్న చప్పుడే. వేలు విరుచుకుంటే వచ్చేంత. కానీ లోపల రెండు చెక్కలు ఒకదాని మీద ఒకటి జరిగినట్టు నాకు స్పష్టంగా తెలిసింది. ఒళ్ళంతా చెమట పట్టింది. డాక్టరుగారి మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. వెంటనే ఇంకోటి కూడా గుర్తొచ్చింది, ఆ కుర్చీ. నా ముఖం చూసి మేస్త్రీ దగ్గరకొచ్చాడు.

"వానేనాండీ?"

"వానే," అన్నాను. "పెద్దదే ఉన్నాది."

హేచ్‌లన్నీ మూయించారు. ఓడ వాళ్ళ ఆఫీసరు బయటికొచ్చి, ఆకాశం చూసి, మమ్మల్ని చూసి, భుజాలెగరేసి లోపలికి పోయాడు. ఎక్కడా మబ్బు తునక లేదు. హోల్డులోంచి మనుషులు పైకెక్కి వచ్చి డెక్కు నీడలో కూర్చున్నారు. వార్ఫు మీద లారీలు నిలిచిపోయాయి. పది దాటింది, పన్నెండు దాటింది, ఎండ ఇంకా ముదిరింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. చివరికి నేనే, "భీమిలి వైపు ఎల్లిపోయినట్టున్నాది," అన్నాను. ఒకడు నవ్వాడు. హేచ్‌లు తెరిచారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆవిడకీ అదే చెప్పాను. ఎముక సలుపుతోందని, వాన రావలసింది భీమిలి వైపు మళ్ళిందని. ఆవిడ డాబా మీంచి బట్టలు తెచ్చి మంచం మీద పడేసి నా వైపే చూసింది.

"వాన అటెల్లిపోనాదంటన్నారు. మరి నొప్పెందుకెల్లలేదు?"

అన్నం పెట్టమన్నాను.

అలా పది రోజులు గడిపాను. ఎడం చెయ్యి భుజం దాకా వస్తే చప్పుడు, ఇంకా పైకి పోతే నొప్పికి కళ్ళు బైర్లు కమ్మేవి. అందుకని కుడిచేత్తోనే నెట్టుకొచ్చాను. మధ్యలో నిజంగానే వానలు పడ్డాయి. అవి పడినప్పుడల్లా, చూశారా నా నొప్పి వానదే, అని నాకు నేనే చెప్పుకున్నాను. ఛాతీ నాది, అబద్ధం నాది, నమ్మినవాణ్ణీ నేనే.

పదకొండో రోజు పొద్దున, షిఫ్టు మొదలై గంట కూడా కాలేదు. దించమని అరచెయ్యి ఊపాను. క్రేన్ దించలేదు. మళ్ళీ ఊపాను. ఇనప దోసిలి హేచ్ మీంచి పక్కకి జరిగి, నెమ్మదిగా వెళ్ళి వార్ఫు మీద ఆనింది. క్రేన్ ఆగిపోయింది. తలెత్తి చూస్తే అద్దాల గది తలుపు తెరుచుకుంది. మా బావ నిచ్చెన దిగుతున్నాడు. ముప్ఫై ఏళ్ళలో షిఫ్టు మధ్య అతను దిగడం ఎవరూ చూడలేదు. హోల్డులో వాళ్ళు పారలు ఆపి పైకి చూశారు. మేస్త్రీ పరుగున వచ్చాడు.

అతను ఓడ మెట్లెక్కి, డెక్కు మీద నడిచి వచ్చి, నా ఎదురుగా నిలబడ్డాడు.

"రెండు సేతులూ ఎత్తి ఆపమను, బావ," అన్నాడు. "సూద్దాం."

"ఏటిది? పని సెయ్యనివ్వవా?" అన్నాను కోపంగా.

"సేసి సూపించు. ఎల్లిపోతాను."

ఎత్తాను. కుడిచెయ్యి వెళ్ళింది. ఎడంచెయ్యి భుజం దగ్గరే నిలిచిపోయింది. పళ్ళు బిగించి ఇంకో జానెడు లేపాను. టక్కుమంది. ఆ చప్పుడు నాకొక్కడికే వినపడుతుందనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. అతని ముఖం చూస్తే అతనికీ వినపడిందని అర్థమైంది.

"పది దినాలనుంచి సూత్తన్నాను," అన్నాడు. గొంతు పెంచలేదు. "నీ ఎడం సెయ్యి నాకు కనపడ్డం మానేసింది. వానని సెప్పినావు, నమ్మినాను. నీ ఒళ్ళు నీ ఇష్టం. కింద మనుషులున్నారు బావ. ఎవడి కాలో జారితే నువ్వు నాకు ఏ సేత్తో సెప్తావు?"

నేను హోల్డులోకి చూశాను. ఆరుగురు. తలలు పైకెత్తి చూస్తున్నారు, ఒంటి నిండా తెల్లటి యూరియా పొడి. వాళ్ళలో ఒకడు తన అన్నం క్యారేజీలోంచి నాకు ఎప్పుడూ ఎండు చేపల కూర పెట్టేవాడు. పది రోజులుగా వాళ్ళ నెత్తి మీదకి ఇనుము దింపిస్తున్నాను. ఆపమని చెప్పే చెయ్యి లేకుండా దింపిస్తున్నాను. ఆ సంగతి నాకు తెలుసు. తెలియదని ఇప్పుడు రాస్తే అది ఇంకో అబద్ధం. నాకు సిగ్గేసింది. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ నాకు అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు.

"పద," అన్నాడు బావ. "ఆస్పత్రికి."

మెట్లు దిగేటప్పుడు నా రెండు భుజాలూ పట్టుకుని దించాడు. ఆటోలో ప్రతి గుంతకీ తన అరచెయ్యి నా ఛాతీకి ఆనించి నొక్కి పట్టాడు. దారిలో మా ఆవిడకి ఫోన్ చేసి, "సెల్లెమ్మా, బేగి వచ్చియ్యి," అని మాత్రం అన్నాడు.

ఎక్స్‌రేలో ఒక తీగ తెగిపోయి కనపడింది. ఎముక అతకని చోట సన్నటి నల్లగీత. మళ్ళీ తెరిచి బిగించాలన్నారు. "చప్పుడు ఎప్పటినుంచి?" అని డాక్టరుగారు అడిగారు.

"పదకొండు రోజులండి," అన్నాను.

మా ఆవిడ అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఆ ఖాకీ తలగడ ఉంది. పదకొండు రోజులన్న మాట ఆవిడ వింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. వచ్చి తలగడ నా ఒళ్ళో పెట్టి, పక్కన కూర్చుంది.

"మీ అంతట మీరు సెప్పకపోయినా పోన్లెండి," అంది. "అడిగినాను కదా."

ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే తల దించుకుంటాను.

రెండోసారి అతుక్కోడానికి చాలా నెలలు పట్టింది. అతుక్కుంది. ఎడం చెయ్యి చెవి దాకా వస్తుంది, పైకి రాదు. నెత్తి మీద రెండు చేతులు కలిపి నిలబడటం ఇక నా వల్ల కాదు. కాబట్టి నేను సిగ్నల్‌మాన్‌ని కాను. షెడ్డు కింద కుర్చీలో కూర్చుని లారీల్ని వరసలో పెడతాను. బాధ లేదనను. హేచ్ అంచున ఉన్నతను నెత్తి మీద చేతులు అడ్డంగా ఎత్తడం చూసినప్పుడు ఛాతీలో పట్టేస్తుంది, దానికి మబ్బుతో పనిలేదు. మా ఆవిడ రోజూ పొద్దున చొక్కా వేసుకునే ముందు నా ఛాతీ మీద అరచెయ్యి వేసి దగ్గమంటుంది. నొప్పి వానదా కాదా అన్నది ఇప్పుడు ఆవిడ చెప్పాలి, నేను కాదు. పక్కింటావిడ వడియాల సంగతి ఆకాశాన్నే అడుగుతోంది.

మొన్న కార్తీకంలో అల్పపీడనం పట్టినప్పుడు పొద్దున్నుంచీ ఎముక ఒకటే సలుపు. గాలి చల్లగా ఉంది, కొండ కనపడటం లేదు. షెడ్డు అంచున రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పైనుంచి క్రేన్ హారన్ మోగింది. తలెత్తాను. అద్దాల వెనక బావ అరచెయ్యి తిప్పి చూపించాడు, ఏటి సంగతి అని.

నేను అలవాటుగా మబ్బు వైపు వేలు చూపించబోయాను. వేలు సగంలో ఆగిపోయింది. మా సైగల్లో లేపడానికి ఉంది, దించడానికి ఉంది, ఆపడానికి రెండున్నాయి. నొప్పికి లేదు. ఇన్నేళ్ళలో మాకు దాని అవసరమే రాలేదు, లేదా వచ్చినా ఇద్దరం ఒప్పుకోలేదు. పిడికిలి బిగించి ఛాతీ మధ్యలో పెట్టి అలాగే ఉంచాను.

క్రేన్ ఆగింది. జేబులో ఫోన్ మోగింది.

"టక్కుమందేటి?"

"లేదు. ఊరికే నొప్పి."

"నిజవేనా?"

"నిజవే బావ. నొప్పెడతంది."

ఫోన్లో గాలి చప్పుడు వినపడింది.

"అయితే అక్కడే కూకో," అన్నాడు. "నాను సూత్తన్నాను."